చంటిబిడ్డ చూపు: ఏం కొలవాలి, ఎప్పుడు కొలవాలి

నెలలు నిండి, మంచి బరువుతో, ఏ లోపమూ లేకుండా పుట్టిన బిడ్డకు రెండో రోజో మూడో రోజో కళ్ళు పరీక్షించి పవర్ రాస్తే, చాలామందికి ప్లస్ రెండుకు అటూ ఇటూగా ఒక అంకె వస్తుంది. పాతికేళ్ళ మనిషికి అదే అంకె వస్తే అద్దాల మాట ఎత్తుతారు. చంటిబిడ్డకు మాత్రం అది ఉండవలసిన అంకె. పెరిగే పిల్ల పరికిణీకి లోపల మడత వదిలి కుట్టించినట్టు, కన్ను ఇంకా సాగాల్సి ఉంది కనుక ఆ ప్లస్ అక్కడ ఉంది. దాన్ని చూసి కంగారుపడే తల్లిదండ్రులకు చెప్పవలసిన మొదటి మాట ఇదే.

మరి ఆరోగ్యంగా ఉన్న బిడ్డకు కంటి పరీక్ష అక్కర్లేదా? కొన్ని ప్రైవేటు ఆసుపత్రుల్లో ఇది కాన్పు బిల్లులోనే ఒక పద్దుగా చేరుతోంది. నెలలు నిండకుండా పుట్టినవాళ్ళకు చేస్తే చాలు, మిగతావాళ్ళను బడికెళ్ళేదాకా వదిలేయండి అనే డాక్టర్లూ ఉన్నారు. గత 70 ఏళ్ళుగా ఈ విషయం మీద జరిగిన పనిని ఒకచోట పెట్టి చూస్తే రెండు పక్షాలూ ఒకే చోట తడబడుతున్నట్టు కనిపిస్తుంది. పవర్ కొలవడాన్నీ, కన్ను చూడడాన్నీ ఒకే పరీక్షగా లెక్కేస్తున్నారు. అవి రెండు వేర్వేరు పనులు. వాటి వేళలు కూడా వేరు.

ముందు కన్ను ఎలా పెరుగుతుందో చూద్దాం. పుట్టినప్పుడు కంటిగుడ్డు పొడవు, అంటే ముందున్న కార్నియా నుంచి వెనకున్న రెటీనా దాకా, సుమారు 17 మిల్లీమీటర్లు. పెద్దయ్యేసరికి 24 దగ్గరికి వస్తుంది. పెద్దవాళ్ళ కంట్లో ఒక్క మిల్లీమీటరు పొడవు మారితే పవర్ రెండున్నర నుంచి మూడు డయాప్టర్లు మారిపోతుంది. ఆ లెక్కన ఏడు మిల్లీమీటర్లు పెరిగిన ప్రతి మనిషికీ మైనస్ 15, 20 అద్దాలు రావాలి. రావడం లేదంటే, కన్ను పొడవు సాగుతున్నకొద్దీ ముందున్న భాగాలు తమ వంపు తగ్గించుకుంటున్నాయన్నమాట. పుట్టినప్పుడు 50 డయాప్టర్ల దగ్గర ఉండే కార్నియా శక్తి 43, 44కు దిగుతుంది. లోపలి లెన్సు కూడా పల్చబడి తన శక్తిలో పెద్ద భాగం వదులుకుంటుంది. ఈ సర్దుబాటులో సింహభాగం మొదటి రెండేళ్ళలోనే జరిగిపోతుంది.

దీన్ని నడిపించేది ఏమిటన్న ప్రశ్నకు జవాబు జంతువుల మీద ప్రయోగాల నుంచి వచ్చింది. 1977లో టోర్‌స్టెన్ వీజల్, ఎలియో రావియోలా కోతిపిల్లల రెప్పలు కుట్టి పెంచితే, మూసిన కన్ను పొడుగ్గా సాగి మైనస్‌లోకి పోయింది. 1988లో వేరే పరిశోధకులు కోడిపిల్లల కళ్ళకు అద్దాలు తొడిగి చూశారు. మైనస్ అద్దం పెట్టిన కన్ను ఎక్కువ పొడుగు పెరిగింది, ప్లస్ అద్దం పెట్టిన కన్ను నెమ్మదించింది. కోడిపిల్లలో కంటి నరాన్ని తెంచినా ఈ తీరు చాలావరకు అలాగే ఉంటుంది. అంటే బొమ్మ రెటీనా మీద పడుతోందా, వెనక పడుతోందా అన్నది రెటీనాయే పసిగట్టి, కంటి గోడకు కబురు పంపుతోంది. మెదడు ప్రమేయం ఇందులో మనం అనుకునేంత లేదు. ఈ ఏర్పాటు తన పని తాను చేసుకుపోతున్నప్పుడు మధ్యలో అద్దాలతో వేలు పెట్టాలా అన్న సందేహం అక్కడే పుట్టింది. ఆ సంగతికి మళ్ళీ వద్దాం.

మనుషుల లెక్కలకు వస్తే, ఇప్పటికీ అందరూ పేర్కొనేది 1951లో అమెరికాలో కుక్, గ్లాస్‌కాక్ ప్రచురించిన పరిశీలన. 500 మంది నవజాత శిశువుల 1000 కళ్ళకు అట్రోపిన్ వేసి కొలిచారు. నాలుగింట మూడు వంతుల కళ్ళు ప్లస్‌లో, ఒక వంతు మైనస్‌లో ఉన్నాయి. సగటు ప్లస్ ఒకటిన్నర. మన దేశంలో ఢిల్లీలో 2001 జూన్ నుంచి 2002 సెప్టెంబరు దాకా జరిగిన పరిశీలన ఇంకాస్త ముందుకు వెళ్ళింది. మొదటి వారంలోపు 1203 కళ్ళు కొలిచి, బిడ్డ ఎన్ని వారాలకు పుట్టిందన్న దాన్నిబట్టి విడదీశారు. మరీ ముందుగా పుట్టినవాళ్ళ సగటు మైనస్ 4.86. వారాలు పెరిగేకొద్దీ మైనస్ తరిగి, నెలలు నిండినవాళ్ళ దగ్గరికి వచ్చేసరికి సగటు ప్లస్ 2.4 అయింది. అదే పరిశీలనలో మొత్తం కళ్ళలో 67.8 శాతానికి ఒక డయాప్టరుకు మించిన సిలిండర్ పవర్ ఉంది. 31 శాతం పిల్లల్లో రెండు కళ్ళ మధ్య ఒక డయాప్టరుకు మించిన తేడా ఉంది.

ఈ చివరి అంకె దగ్గర కాస్త ఆగాలి. రెండు కళ్ళ పవర్‌లో తేడా అనేది పెద్ద పిల్లల్లో డాక్టర్లు అన్నిటికన్నా భయపడే లక్షణం. పుట్టిన వారంలో అది ప్రతి ముగ్గురిలో ఒకరికి దగ్గరగా ఉందంటే, ఆ లెక్కలో నెలలు నిండని పిల్లలూ కలిసి ఉన్నారని గుర్తుపెట్టుకున్నా, ఆ వయసులో దాన్ని పట్టుకుని ఎవరిని పిలుస్తాం, ఎవరిని వదులుతాం? సిలిండర్ పవర్ కథా అంతే. చంటితనంలో విరివిగా కనిపించి, తొలి ఒకటి రెండేళ్ళలో చాలామందిలో దానంతటదే సర్దుకుంటుంది. అమెరికాలోని బర్క్‌లీలో 222 మంది పిల్లలను మూడో నెలలోనూ తొమ్మిదో నెలలోనూ కొలిచి 2005లో ప్రచురించిన పరిశీలన ఈ మార్పును దగ్గరగా చూపించింది. సగటు ప్లస్ 2.16 నుంచి 1.36కు దిగింది. ఆ ఆరు నెలల్లో కన్ను 1.2 మిల్లీమీటర్లు పెరిగింది. సగటు ఒక్కటే దిగలేదు. మూడో నెలలో తలో దిక్కుగా ఉన్న పిల్లలు తొమ్మిదో నెలకు దగ్గరదగ్గరగా చేరారు. ప్లస్ ఎక్కువ ఉన్నవాళ్ళకు ఎక్కువే తగ్గింది. బాగా పెద్ద ప్లస్, ఐదు దాటినవి, అంత తేలిగ్గా కదలలేదు. తొమ్మిదో నెలలోనూ అంకె ఎక్కడ మొదలైందో అక్కడే నిలబడిపోయిన బిడ్డ మనకు కావలసిన బిడ్డ. ఆ బిడ్డ ఎవరో పుట్టిన రోజున తెలియదు.

పైగా పుట్టిన వారంలో వచ్చే అంకె ఎంత జారుడుదో, కొలిచే చోట నిలబడి చూస్తే అర్థమవుతుంది. గది దీపాలు తగ్గిస్తారు. తల్లి పాలిస్తూ ఉంటుంది, ఎందుకంటే పాలు తాగే బిడ్డే కాస్త కదలకుండా ఉంటుంది. ఆప్టోమెట్రిస్టు మోకాళ్ళ మీద వంగి, ఒక చేత్తో రెటినోస్కోపు, ఇంకో చేత్తో వరసగా లెన్సులు బిగించిన పట్టీ పట్టుకుని, బిడ్డ రెప్ప ఎప్పుడు ఎత్తుతుందా అని కాచుకుంటారు. రెప్ప లేచిన ఆ రెండు మూడు సెకన్లలో కంటిపాపలో కనిపించే వెలుగు గీత, చేతిలోని కాంతితో పాటు కదిలిందా, ఎదురు కదిలిందా చూడాలి. లెన్సు మార్చి మళ్ళీ చూడాలి. బిడ్డ సరిగ్గా వెలుగులోకి చూడక పక్కకు చూస్తే లెక్కలో తేడా. చేయి కాస్త ముందుకో వెనక్కో జరిగినా తేడా. కన్ను చిన్నది కావడం వల్ల ఇంకో చిక్కు ఉంది. వెలుగు తిరిగివచ్చేది చూపును గ్రహించే కణాల పొర నుంచి కాక రెటీనా ముందు అంచు నుంచి కావడంతో, చిన్న కంట్లో ప్లస్ ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుందని 1970లోనే గ్లిక్‌స్టైన్, మిలోడో లెక్కగట్టారు.

చుక్కల మందు వేయకుండా కొలిస్తే అంకె ఇంకోలా వస్తుంది, ఎందుకంటే బిడ్డ కన్ను దగ్గరి వస్తువు మీద బిగుసుకుని లేని మైనస్‌ను చూపిస్తుంది. పాత పరిశోధనలు ఒకదానికొకటి పొంతన లేకుండా ఉండడానికి సగం కారణం ఇదే. మందు లేకుండా గట్టెక్కే దారి 1977లో ఇంద్రా మొహీంద్రా చూపించారు. గది పూర్తిగా చీకటి చేసి, అర మీటరు దూరం నుంచి, రెటినోస్కోపు వెలుగు ఒక్కటే బిడ్డకు కనిపించేలా పెట్టి కొలవడం, వచ్చిన దాంట్లోంచి 1.25 తీసేయడం. చంటిపిల్లలకు 1.25 కాదు, 0.75 తీయాలని తరవాతివాళ్ళు సవరించారు. అర డయాప్టరే కదా అనుకోవచ్చు; ఎవరికి అద్దాలు, ఎవరికి వద్దు అన్న గీత ఒక్కోసారి ఆ అర డయాప్టరు మీదే ఉంటుంది. పోనీ మందు వేద్దామంటే, సైక్లోపెంటొలేట్ లాంటి చుక్కలు ఒంట్లోకి ఇంకి, ముఖ్యంగా బరువు తక్కువ పిల్లల్లో, పొట్ట ఉబ్బడానికీ పాలు పట్టకపోవడానికీ కారణం కావచ్చు. నెల తిరిగేలోగా మారిపోయే అంకె కోసం ఆరోగ్యంగా ఉన్న బిడ్డను ఆ ఇబ్బంది పెట్టడం నాకు సబబుగా అనిపించదు.

అలాగని చూపు విషయం బడిదాకా వాయిదా వేయవచ్చా? వేయకూడదు. కారణం మెదడులో ఉంది. డేవిడ్ హ్యూబెల్, టోర్‌స్టెన్ వీజల్ 1960లలో పిల్లికూనల మీద చేసిన ప్రయోగాలకు 1981లో నోబెల్ వచ్చింది. పుట్టిన తొలి నెలల్లో ఒక కంటిని మూసి ఉంచితే, తరవాత తెరిచినా మెదడు ఆ కంటి మాట వినదని వాళ్ళు చూపించారు. పెద్ద పిల్లిలో అదే పని చేస్తే ఏమీ కాదు. మన పిల్లల్లో ఆ గడువు నెలలతో మొదలై ఏళ్ళ వరకు సాగుతుంది కానీ, తొలి భాగమే అన్నిటికన్నా సున్నితం. ఒక కంటికి పెద్ద పవర్ ఉండి రెండోది బాగుంటే మెదడు మంచి కంటి బొమ్మను తీసుకుని మసక కంటిని పక్కన పెట్టేస్తుంది. దాన్నే లేజీ ఐ అంటున్నారు. పాశ్చాత్య దేశాల లెక్కల్లో ఇది నూటికి ఇద్దరు నుంచి నలుగురు పిల్లల్లో ఉంటుంది. బిడ్డ మాత్రం ఏ ఇబ్బందీ చూపించదు. పాకుతుంది, నేల మీది అటుకు గింజ ఏరుకుంటుంది, గుమ్మంలో తాతయ్య కనబడితే నవ్వుతుంది. ఇవన్నీ ఒక్క కంటితో హాయిగా జరిగిపోయే పనులే. ఇంట్లో ఎంత కనిపెట్టి ఉన్నా తెలియని లోపం కనుకనే దీనికి బయటి పరీక్ష కావాలి.

మెల్ల ఉంటే కనీసం పైకి కనిపిస్తుంది. అక్కడ మన ఇళ్ళలో వేరే చిక్కు ఉంది. మెల్లకన్ను అదృష్టమనే మాట ఇంకా వింటూనే ఉన్నాం. మూడు నాలుగు నెలల లోపు అప్పుడప్పుడు కళ్ళు అటూ ఇటూ పోవడం మామూలే. ఆ తరవాత కూడా నిలిచి ఉంటే, లేదా మొదటి నుంచీ ఎప్పుడు చూసినా ఒక కన్ను పక్కకే ఉంటే, అది కళ్ళ డాక్టరుకు చూపించవలసిన సంగతి. కంట్లో కాటుక, ఆముదం, చనుబాలు వేయడం గురించి డాక్టర్లు చెప్పి చెప్పి అలసిపోయారు కనుక ఇక్కడ ఒక్క మాట చాలు: వీటివల్ల కన్ను పెద్దదీ కాదు, చూపూ పెరగదు, ఇన్‌ఫెక్షన్ మాత్రం రావచ్చు.

ఇక పుట్టిన రోజున నిజంగా చేయవలసిన పని. అది పవర్ కొలవడం కాదు, రెడ్ రిఫ్లెక్స్ చూడడం. ఆప్తాల్మోస్కోపు వెలుగును అర మీటరు దూరం నుంచి రెండు కళ్ళలోకీ పడేసి, లోపలి నుంచి తిరిగివచ్చే మెరుపు రెండింటిలోనూ ఒకేలా ఉందో లేదో చూస్తారు. చుక్కల మందు అక్కర్లేదు. పట్టేది ఒక నిమిషం. వార్డులో ట్యూబ్‌లైట్లు ఆర్పి, కిటికీ తెర వేసి, బిడ్డను నిలువుగా భుజానికెత్తుకుంటే చాలామంది కళ్ళు విప్పుతారు. పడుకోబెట్టి వేళ్ళతో రెప్పలు లాగితే ఇంకా గట్టిగా మూసుకుంటారు. ఇందులో నేర్చుకోవలసిన కిటుకు ఒకటుంది. పాఠ్యపుస్తకాల్లో ఫొటోలు తెల్లవాళ్ళ పిల్లలవి, మెరుపు ఎర్రగా ఉంటుంది. మన పిల్లల కంటి వెనక పొరలో రంగు ఎక్కువ కనుక అది ముదురు నారింజగానో, కాస్త పసుపుగానో, మసకగానో కనిపిస్తుంది. కొత్తగా నేర్చుకునే నర్సు దాన్ని లోపమనుకుని బెదిరిపోవచ్చు. చూడవలసింది రంగు కాదు, రెండు కళ్ళ మధ్య తేడా. ఒకదానిలో మచ్చ, ఒకదానిలో చీకటి, లేదా తెల్లటి మెరుపు ఉంటే అది శుక్లం కావచ్చు, అరుదుగా రెటినోబ్లాస్టోమా అనే కంటి కాన్సర్ కావచ్చు. రెండు కళ్ళ పవర్ మధ్య పెద్ద తేడా ఉన్నా మెరుపుల్లో ఆ తేడా కనిపించవచ్చు.

ఈ పరీక్షకు తొందర ఎందుకంటే, ఒక కంట్లో పుట్టు శుక్లం ఉంటే ఆరు వారాల లోపు, రెండు కళ్ళలో ఉంటే సుమారు ఎనిమిది వారాల లోపు తీసేస్తే చూపు నిలబడే అవకాశం బాగా ఎక్కువ. ఆ తరవాత ఆపరేషన్ ఎంత బాగా జరిగినా మెదడుకున్న గడువు చేజారిపోతూ ఉంటుంది. అందుకే బ్రిటన్‌లో పుట్టిన 72 గంటల్లో ఒకసారి, ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య ఇంకోసారి ప్రతి బిడ్డ కళ్ళూ చూడాలని నియమం పెట్టుకున్నారు. అమెరికా పిల్లల డాక్టర్ల సంఘమూ పుట్టినప్పటి నుంచే దీన్ని చేయమంటుంది. స్కాట్లండ్‌లోని సెయింట్ ఆండ్రూస్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన ఆర్క్‌లైట్ అనే చిన్న సోలార్ పరికరం జేబులో పడుతుంది, ఖరీదైన ఆప్తాల్మోస్కోపు లేని చోట కూడా ఈ పని జరిపిస్తుంది.

ఇంతటితో ఆగకుండా, ప్రతి బిడ్డ రెటీనానూ పెద్ద కెమెరాతో ఫొటో తీయాలనే వాదన గత పదిహేనేళ్ళుగా బలపడింది. చైనాలోని కున్‌మింగ్‌లో 3573 మంది ఆరోగ్యవంతులైన నవజాత శిశువులను ఇలా చూస్తే 24.4 శాతంలో ఏదో ఒక తేడా కనిపించిందని 2013లో రాశారు. వినగానే గుండె గుభేలుమంటుంది. ఆ 24.4 శాతంలో 21.5 వట్టి రెటీనా రక్తపు మరకలే. కాన్పు ఒత్తిడికి వచ్చి, చాలావరకు కొన్ని వారాల్లో వాటంతటవే మాయమయ్యేవి. బెంగళూరులో ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో 1021 మందిని ఇలాగే చూస్తే తేడా కనిపించింది నూటికి ఐదుగురి లోపే, అందులోనూ సగం ఈ మరకలే. మందో ఆపరేషనో నిజంగా అవసరమైనవాళ్ళు నూటికి ఒకరికి మించలేదు. ఆ ఒకరి కోసం కెమెరా కొనాలా అంటే, ఆ ఒకరి తల్లి కొనాలనే అంటుంది, కాదనలేం. కానీ ఇంకా రెడ్ రిఫ్లెక్స్ కూడా సరిగా చూడని జిల్లా ఆసుపత్రికి లక్షల కెమెరా ముందు కొనిపెట్టడం క్రమం తప్పిన పనే. ముందు టార్చి, తరవాత కెమెరా.

పవర్ కొలవడానికి అసలు వేళ ఆరు నెలల నుంచి ఏడాది మధ్య. ఇక్కడే పరిశోధకులు నిజంగా తలపడ్డారు. ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జిలో జానెట్ అట్కిన్సన్, ఆలివర్ బ్రాడిక్ బృందం 1980ల నుంచి ఆరు, తొమ్మిది నెలల మధ్య పిల్లలను పరీక్షించింది. ప్లస్ మూడున్నర దాటినవాళ్ళు నూటికి ఐదారుగురు తేలారు. అద్దాలు పెట్టకుండా వదిలేస్తే, నాలుగేళ్ళు వచ్చేసరికి ఈ పిల్లల్లో మెల్ల వచ్చే అవకాశం మిగతావాళ్ళకంటే 13 రెట్లు, చూపు తగ్గే అవకాశం ఆరు రెట్లు ఎక్కువ. కొలిచిన పవర్ కంటే కాస్త తక్కువ అద్దాలు పెట్టినవాళ్ళకు నాలుగేళ్ళ వయసులో చూపు మెరుగ్గా ఉంది. మెల్ల తగ్గిందా అన్నది మాత్రం వాళ్ళ రెండు విడతల్లోనూ ఒకేలా తేలలేదు. అదే దేశంలో కెట్టరింగ్‌లో ఇంగ్రామ్ బృందం ఆరో నెల నుంచి అద్దాలు పెట్టి చూసి, మెల్ల ఏమీ తగ్గలేదని చెప్పింది. ఇంకో అడుగు వేసి, అద్దాలు ఎప్పుడూ పెట్టుకునే పిల్లల్లో ప్లస్ సహజంగా తగ్గడం కుంటుపడుతోందని కూడా అంది. కోడిపిల్లల ప్రయోగం లేవదీసిన సందేహం ఇక్కడికి వచ్చి నిలబడింది.

రెండిటినీ పక్కపక్కన చదివితే నాకు తోచేది ఇది. ప్లస్ మూడున్నర, నాలుగు ఉన్న తొమ్మిది నెలల బిడ్డకు వెంటనే అద్దాలు అక్కర్లేదు, కానీ ఆ బిడ్డను వదిలేయకూడదు. మూడు నాలుగు నెలలకోసారి కొలుస్తూ, తగ్గుతోందా లేదా చూడాలి. అమెరికా నేత్రవైద్యుల మార్గదర్శకాల్లో ఏడాది లోపు బిడ్డకు, మెల్ల లేకపోతే, అద్దాలు రాసే గీత ప్లస్ ఆరు దగ్గర, మైనస్ అయితే ఐదు దగ్గర ఉండడం ఈ ఓర్పునే చూపిస్తుంది. రెండు కళ్ళ మధ్య తేడా విషయంలో మాత్రం గీత ఇంకా కిందే ఉంటుంది: ప్లస్‌లో రెండున్నర తేడా ఉంటే చాలు. మెల్ల కూడా ఉంటే అసలు ఆగరు.

ఇంత శ్రమపడి చిన్నప్పుడే చూస్తే చివరికి తేడా ఉంటుందా? ఉంటుందని రెండు మంచి సాక్ష్యాలున్నాయి. బ్రిస్టల్‌లో ఎనిమిదో నెల నుంచి 37వ నెల దాకా పదేపదే పరీక్షించిన పిల్లల్లో ఏడున్నరేళ్ళ వయసుకు లేజీ ఐ 0.6 శాతం, 37వ నెలలో ఒక్కసారే చూసినవాళ్ళలో 1.8 శాతం. ఇజ్రాయెల్‌లో హైఫాలో ఏడాది నుంచి రెండున్నరేళ్ళ మధ్య పరీక్షించిన పిల్లల్లో ఎనిమిదేళ్ళకు 1 శాతం. పరీక్ష లేని హదేరా ఊళ్ళో 2.6 శాతం. అయినా అమెరికా ప్రభుత్వ నిపుణుల బృందం 2017లో మూడు నుంచి ఐదేళ్ళ మధ్య ఒక్కసారైనా చూడమని చెప్పి, మూడేళ్ళలోపు పిల్లల విషయంలో సాక్ష్యం చాలదంది. ఆ దేశపు పిల్లల డాక్టర్లేమో ఏడాది నుంచే యంత్రంతో చూడవచ్చంటున్నారు. డాలస్‌లో మనవడికి ఏడాది నిండిన చెకప్‌లో కెమెరా లాంటి యంత్రం ‘రిఫర్’ అని చీటీ ఇస్తే, ఆ ఫొటో వాట్సాప్‌లో గుంటూరుకు వచ్చి అమ్మమ్మ దేవుడికి మొక్కుకోవడం అందుకే జరుగుతోంది. ఆ చీటీ అర్థం జబ్బు ఉందని కాదు, సరిగ్గా కొలవమని.

ఆ యంత్రాల గురించి కూడా చెప్పాలి. 1974లో హౌలండ్ సోదరులు మొదలుపెట్టిన ఫొటో పద్ధతి ఇప్పుడు చేతిలో పట్టుకునే యంత్రమైంది. మీటరు దూరం నుంచి, బిడ్డ పిట్ట కూతకో మెరిసే దీపానికో అటు తిరిగిన క్షణంలో, రెండు కళ్ళ పవరూ ఒకేసారి తీసేస్తుంది. ఆరు నెలలు దాటినవాళ్ళకే పనికొస్తుంది. ఏడ్చే పిల్లల గదిలో రెటినోస్కోపు కన్నా ఎంతో సుఖం. కానీ దీని బలహీనత సరిగ్గా ఉండకూడని చోట ఉంది. ఈ వయసులో మనం వెతికేది పెద్ద ప్లస్. చుక్కల మందు లేకపోతే బిడ్డ తన కంటిని బిగించి దాచేయగలిగేదీ ప్లస్సే. రెండు కళ్ళ తేడానూ, సిలిండర్‌నూ, మైనస్‌నూ యంత్రం బాగానే పడుతుంది. రెండు కళ్ళలో సమానంగా ఉన్న ప్లస్ జారిపోవచ్చు. కనుక యంత్రం ‘పాస్’ అన్నా, ఇంట్లో అమ్మకో నాన్నకో అక్కకో చిన్నప్పుడే అద్దాలు, మెల్ల ఉంటే మందు వేసి ఒకసారి కొలిపించుకోవడమే మంచిది.

మన రెండు రాష్ట్రాల సంగతి చూస్తే, బడి వయసు పిల్లల గురించి తెలిసినంత చంటిపిల్లల గురించి తెలియదు. మహబూబ్‌నగర్ జిల్లా పల్లెల్లో ఏడు నుంచి పదిహేనేళ్ళ పిల్లలు 4074 మందిని పరీక్షించి 2002లో ప్రచురించిన లెక్కల్లో, చూపు తగ్గిన కళ్ళలో 61 శాతానికి కారణం పవరే. 12 శాతానికి లేజీ ఐ. మొదటిది అద్దాలతో సరిపోతుంది. రెండో 12 శాతం ఎప్పుడో పసితనంలో తప్పిన పరీక్షకు మిగిలిన బాకీ. తెలంగాణలో 2018 ఆగస్టు 15న మొదలైన కంటి వెలుగు, ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు 10న బడి పిల్లలతో మొదలైన కంటి వెలుగు లక్షల మందికి అద్దాలు అందించాయి. అవి నడవగలిగిన, అక్షరం చదవగలిగిన వాళ్ళ దాకా వచ్చిన కార్యక్రమాలు. ఒళ్ళో ఉన్న బిడ్డకు మిగిలింది 2013లో కేంద్రం మొదలుపెట్టిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం. దాని జాబితాలో పుట్టు శుక్లం ఉంది, నెలలు నిండని పిల్లల రెటీనా జబ్బు ఉంది, చూపు లోపం ఉంది. కాన్పు జరిగిన చోటే చూడాలని ఉంది. అనుమానం వస్తే జిల్లా కేంద్రంలోని సత్వర చికిత్సా కేంద్రానికి పంపాలని ఉంది. కాగితం మీద దీనికి వంక పెట్టలేం.

కొరత ఉన్నది ఆరు వారాలకూ అంగన్‌వాడీకీ మధ్య. ఆశా కార్యకర్త మూడో రోజు నుంచి 42వ రోజు దాకా ఇంటికి వస్తుంది; బరువు, జ్వరం, పాలు, బొడ్డు చూస్తుంది. ఆ తరవాత మూడు, ఆరు, తొమ్మిది, పన్నెండు, పదిహేను నెలల్లోనూ వచ్చే ఏర్పాటు ఇప్పుడుంది. తొమ్మిది నెలలు నిండాక మీజిల్స్-రుబెల్లా టీకాకు బిడ్డ ఎలాగూ ఏఎన్‌ఎం దగ్గరికి వస్తుంది. పవర్ చూడడానికి పరిశోధన చెప్పే వయసూ అదే. కొత్తగా ఏ శిబిరమూ పెట్టనక్కర్లేదు, తల్లి ఇంకోసారి కూలి పోగొట్టుకోనక్కర్లేదు. సూది వేయకముందు, బిడ్డ ఇంకా ఏడుపు మొదలుపెట్టకముందు, చీకటి చేసిన మూలలో యంత్రంతో ఒక్క నిమిషం. సూది తరవాత అయితే ఆ రోజుకు ఆ పని కాదు.

అయితే దీన్ని మొదలుపెట్టే ముందు రెండో మెట్టు కట్టుకోవాలి. వంద మంది తొమ్మిది నెలల పిల్లలను చూస్తే, కేంబ్రిడ్జి లెక్క మనకూ వర్తిస్తుందనుకున్నా, ఐదారుగురికి మందు వేసి మళ్ళీ కొలవాలి. యంత్రం పొరపాటున పంపేవాళ్ళు వేరే. మండలంలో ఏటా పుట్టే పిల్లల సంఖ్యతో గుణించుకుంటే, రెటినోస్కోపు పట్టుకుని చంటిపిల్లల కళ్ళు కొలవగల ఆప్టోమెట్రిస్టు వారానికి ఎన్ని పూటలు కూర్చోవాలో తేలిపోతుంది. పెద్దవాళ్ళ పవర్ రోజూ చూసే చేయి వేరు, కదిలే బిడ్డ కంట్లో గీత పట్టే చేయి వేరు. ఆ రెండోది నేర్పాలి. అద్దాలు రాస్తే తొమ్మిది నెలల ముఖానికి సరిపడే మెత్తటి ఫ్రేము, చెవుల వెనక్కి పట్టీ ఉన్నది, మామూలు అద్దాల షాపుల్లో దొరకదు. నిజామాబాద్‌లోనో ఒంగోలులోనో అది ఎక్కడ దొరుకుతుందో, ఎవరు ఇస్తారో రిఫరల్ చీటీ మీదే రాసి ఉండాలి. లేకపోతే తల్లి ఆ చీటీని టీకా కార్డులో మడిచి పెట్టుకుని ఇంటికి వెళ్ళిపోతుంది.